వెనక్కి చాచిన అరచెయ్యి

శిబిరం,
అక్టోబర్ 7, మంగళవారం

నన్ను వంటగదిలోకి తోయించింది నువ్వే. ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉండుంటావు, పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని.

ఎలా తెలిసిందంటావా? లొరెయిన్ చెప్పింది. శిబిరం నడిపే మనిషి కదా, మాట దాటేస్తుందేమో అనుకున్నా. అడగ్గానే చెప్పేసింది. "మీ మామ రేడియోలో పిలిచాడు తూగాక్. ఆ పిల్లని జనానికి ముందు నడిపించొద్దు, లోపల ఏదైనా పని చూడు అన్నాడు. ఈ తీరం అంతా పాదాలతో కొలిచిన మనిషి అంతమాట అంటే నేనెలా కాదంటాను?" అంది. రేడియోలో! ఒకరు మాట్లాడితే అందరికీ వినబడే ఆ రేడియో సాయంత్రం పూట ఊళ్లో ప్రతి ఇంట్లో మోగుతూనే ఉంటుందని నీకు తెలియదా మామా? ఎవరి కుక్క తప్పిపోయిందో, ఎవరింట్లో పిల్లాడికి దగ్గు పట్టుకుందో కూడా అందులోనే కదా తెలిసేది. పామియోక్ మేనకోడలు పనికి రాదట అని ఊరంతా విన్నది. చిట్టచివర విన్నది నేను.

నేనూ రేడియోలోనే అడగొచ్చు. కానీ మన ఇంటి గొడవని ఊరంతా టీలో ముంచుకు తినడం నాకిష్టం లేదు. ఫోను ఇక్కడ అందదు. అందుకే కాగితం. వారానికి రెండు విమానాలు వస్తున్నాయి, పైలట్ జేబులో చోటుంది.

నిరుటి నుంచీ ఇక్కడ ముందు నడిచేది నేను. తెల్ల ఎలుగుల్ని చూడ్డానికి దక్షిణం పట్నాల నుంచి వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు నా అడుగులో అడుగేస్తారు. చివర క్రెయిగ్ ఇంకో తుపాకీతో వస్తాడు. ఇప్పుడేమో క్రెయిగ్ జనం ముందు, నేను ఉల్లిపాయల ముందు. క్రెయిగ్ మంచివాడే. కానీ గాలి ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి ఆగి, వేలు తడుపుకుని, పైకెత్తి చూసేవాణ్ణి ఎలుగులు కూడా జాలిగా చూస్తాయి.

నాకీ పని ఎవరు నేర్పారు? నువ్వు కాదు. ఊళ్లో మగపిల్లలందర్నీ వెంట నడిపించుకుని, చెట్లు లేని ఆ టండ్రా నేల మీదికి తీసుకెళ్లావు. నన్నేమో "చలిగా ఉంది నాన్నా, ఇంట్లో ఉండు" అన్నావు. నీకు కనపడనంత దూరంలో, నీ వెనకే నడిచి నేర్చుకున్నా. తుపాకీ పరీక్ష పుస్తకం నేనే కూడబలుక్కుని చదివా. ఒకరి చెయ్యి పట్టుకుని ఎక్కిన మెట్టు ఒక్కటి కూడా లేదు నాకు. అలా ఎక్కినదాన్ని ఒక్క మాటతో కిందికి లాగేశావు.

ఇంకో సంగతి. ఎప్పుడో చనిపోయిన మీ నాన్న పేరు, నేను పుట్టగానే నాకు పెట్టారు. ఆ రోజు నుంచీ నువ్వు నన్ను నాన్నా అనే పిలుస్తావు. కారిబూ జింకని కోస్తే నాలుక తీసి ముందు నాకే పెడతావు. ఊరి విందులో నీకంటే పై చోట కూర్చోబెడతావు. చిన్నప్పుడు నీ టీలో ఉప్పు పోస్తే, అమ్మ కొట్టబోతే, "మా నాన్నని కొడతావా!" అని అడ్డం వచ్చి ఆ టీ గడగడా తాగేశావు. ఇంత మర్యాద చేసి ఆ నాన్ననేనా వంటగదికి పంపింది?

ఆడదాన్నని పంపావా? అయితే అదే చెప్పు, ముఖం మీద. ఇంకేదైనా ఉంటే అదీ చెప్పు. శుక్రవారం విమానంలో కారణం రావాలి. కబుర్లు వద్దు.

తూగాక్



ఊరు,
అక్టోబర్ 9

మా నాన్న తూగాక్‌కి,

నీ కొడుకు పామియోక్ రాస్తున్నది.

నీ ఉత్తరం మీ అత్త రెండుసార్లు చదివి, "ఈ పిల్ల సిరాతో రాసిందా, నిప్పుతో రాసిందా?" అంది. కాగితం వేడిగానే ఉంది మరి. కబుర్లు వద్దన్నావు గానీ, కబుర్లు లేకుండా ఉత్తరం రాయడం నాకు చేతకాదు. ఇక్కడ వీధుల్లో బురద గట్టిపడింది. మోకాళ్లు రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడి నొప్పి పెడుతున్నాయి. పక్కింటివాడు మంచు బండి ఇంజను విప్పి వాకిట్లో పరిచాడు, మళ్లీ బిగించడం రావడం లేదు. రోజూ దాని చుట్టూ తిరిగి నన్ను చూసి నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. సాయం మాత్రం చేయను. పోయినేడు నా పడవ సంగతిలో వాడూ నవ్వాడు కదా.

మీ అత్త నీకోసం కారిబూ తోలుతో చేతి తొడుగులు కుట్టింది. పంపుతున్నా. ఎండు చేప కూడా పెట్టాను, నీకిష్టమైన పొట్ట ముక్కలే.

వంటగది అంటే అంత చిన్నచూపెందుకు నాన్నా? చలికి బిగుసుకుపోయి వచ్చినవాడు ముందు వెళ్లేది అక్కడికే. వంటావిడతో ఏమైనా పడటం లేదా? పడకపోతే చెప్పు, లొరెయిన్‌తో మాట్లాడతా. పొయ్యి పొగ పడకపోతే అదీ చెప్పు, పడకలు సర్దే పని అడుగుతా.

ఆడదానివని కాదు. మా అమ్మ కడుపుతో ఉండి కూడా ఎలుగుల్ని గుడారం దగ్గరికి రానివ్వలేదు. నీకు తెలిసిందే.

మొన్న కోఆపరేటివ్ దుకాణంలో పిండి సంచి తీసుకుంటుంటే అందరూ ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. మీ శిబిరానికి వచ్చిన అతిథి ఎవరో తీసిన వీడియో అట. "పామియోక్, ఇటు రా, మీ నాన్న ఎలుగుతో సంసారం చక్కబెడుతున్నాడు చూడు!" అని పిలిచారు. చూశాను. మధ్యలో బయటికొచ్చేశాను. ఇంటికెళ్లాక మీ అత్త పిండి ఏదంది. సంచి అక్కడే వదిలేశాను. ఆ సాయంత్రమే లొరెయిన్‌ని పిలిచాను. ఊరు వింటుందని అప్పుడు తోచలేదు. అది తప్పే.

కారణం అడిగావు. పెద్దవాడు వద్దన్నాడంటే ఏదో ఉంటుందనుకో. ఈ ఏడు సముద్రం గడ్డకట్టేదాకా వంటగదిలో ఉండు. నువ్వు నాలుగు గోడల మధ్య ఉన్నావంటే నాకు నిద్ర పడుతుంది.

తొడుగులు బిగుతైతే చెప్పు.

నీ కొడుకు,
పామియోక్



శిబిరం,
అక్టోబర్ 13, సోమవారం

సిగ్గుపడి లేచిపోయావన్నమాట! అదీ కారణం. పిండి సంచి కూడా మర్చిపోయేంత సిగ్గు.

తొడుగులు వంటావిడకి ఇచ్చేశా. పొయ్యి దగ్గర కూర్చునేదానికి తొడుగులెందుకు? ఆవిడ పేరు బెర్నీస్. న్యూఫౌండ్‌లాండ్ దీవి మనిషి, అందర్నీ "నా బంగారం" అంటుంది, లొరెయిన్‌ని కూడా. ఆవిడతో నాకే గొడవా లేదు. పొయ్యి పొగతోనూ లేదు. నా గొడవ నీతో. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పావు. చేప మాత్రం తిన్నా, పాపం అదేం చేసింది.

నువ్వు సగం చూసి వెళ్లిపోయావు కాబట్టి జరిగిందంతా చెప్తా, విను.

గులకరాళ్ల దిబ్బ మీద ఉన్నాం. పొట్టి విల్లో పొదల్లోంచి ఎలుగు వచ్చింది. వయసులో ఉన్న మగది, ఒళ్లు బాగా పట్టింది. ఆకలితో రాలేదు, వింత చూద్దామని వచ్చింది. ఎవరిని చూడ్డానికి ఎవరొచ్చారో తెలియనట్టు కాసేపు రెండు పక్షాలూ చూసుకున్నాం. నేను రెండు రాళ్లు తీసి టక్కుటక్కుమని కొట్టాను. ఆగింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు పొడుగు కెమెరా పెద్దమనిషి ఒకాయన, ఇంకా మంచి బొమ్మ పడాలని, వరసలోంచి పక్కకి జరిగి బోర్లా పడుకున్నాడు. నల్లకోటు వేసుకుని, తీరం మీద, బోర్లా! ఎలుగు కంటికి అది మనిషా, సీలా? నీకు చెప్పాలా? తల అటు తిప్పింది. మెడ కిందికి దించింది.

దాన్ని బెదరగొడదామని వెనకనుంచి క్రెయిగ్ "టపాసు తూటా పేలుస్తున్నా" అన్నాడు. వద్దని అరిచాను. అంత దగ్గర్నుంచి పేలిస్తే తూటా ఎలుగుని దాటి దాని వెనక పేలుతుంది, అది బెదిరి మా మీదికే వస్తుంది. అందుకని నేనే ముందుకి నడిచి ఆ పెద్దమనిషికీ దానికీ మధ్య నిలబడ్డాను. కుడిచేతిలో తుపాకీ ఉంది. ఎలుగుతో మాట్లాడాను. "నిన్ను చూడ్డానికి వచ్చాం, చూశాం, సంతోషం. నీ దారిన నువ్వు వెళ్లు, మా దారిన మేం వెళ్తాం" అన్నాను. ఆలోచించుకుంది. కూర్చుంది. ఇంత నోరు తెరిచి ఆవలించింది. లేచి నీళ్ల వైపు వెళ్లిపోయింది. ఒక్క తూటా పేలలేదు. ఎవరికీ గీత పడలేదు, ఎలుగుకి కూడా. ఆ పెద్దమనిషి లేచి కోటు దులుపుకుని, బొమ్మ బాగా పడలేదు, మీరు అడ్డొచ్చారు అన్నాడు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఎక్కడుంది? పేల్చలేదనా? మీ కాలం మగాళ్లకి తుపాకీ మోగితేనే పని చేసినట్టా? దుకాణంలో అందరి ముందూ తలవంపులైందా నీకు?

నాలుగు గోడల మధ్య ఉంటే నిద్ర పడుతుందన్నావు కదా. పడుకోకు.

మొన్న భోజనాల దగ్గర క్రెయిగ్, "ఆ బొద్దోడు ఇక ఇటు రాడులే" అన్నాడు. ఎలుగు గురించి అలా మాట్లాడకూడదు, అది వింటుంది అని చెప్పాను. నవ్వాడు. నిన్న పొద్దున్న పంది మాంసం వేయిస్తున్నాం. కిటికీ అద్దం మీద ఇంత నల్లటి ముక్కు వచ్చి ఆనింది. అద్దమంతా దాని ఊపిరితో మబ్బు పట్టింది. బెర్నీస్ గరిటె ఎత్తి పట్టుకుని, "నా బంగారం, ఈయన మీ చుట్టమా?" అంది. తుపాకులున్నవాళ్లందరూ అతిథుల్ని వెంటబెట్టుకుని దిబ్బ అవతల ఎలుగుల్ని వెతుకుతున్నారు. ఎలుగేమో టిఫిను వాసన పట్టుకుని ఇక్కడికొచ్చింది. రెండు ఇనప పెనాలు తీసి దాని ముక్కు ఎదురుగా మోగించాను. వెళ్లింది, కానీ తొందరేమీ పడలేదు.

ఇన్నేళ్లు ఎలుగుల వెంట తిరిగినవాడివి, అవి ముందు ఎక్కడికొస్తాయో మర్చిపోయావా? క్షేమం అని తెచ్చి పొయ్యి పక్కన పెట్టావు, అదీ చేతిలో తుపాకీ లేకుండా. ఇది నీ తెలివి కాదు. నీకేదో అయింది. అదేమిటో చెప్పు.

తూగాక్



విమానాల మైదానం,
అక్టోబర్ 14

నాన్నా,

ఇవాళ అతిథులు ఎక్కువ, విమానం రెండోసారి వెళ్తోందట. రెక్క మీద కాగితం పెట్టి రాస్తున్నా. ఏ కిటికీ? సముద్రం వైపుదా, తలుపు పక్కదా? రాత్రి పూట దానికి చెక్కలు బిగిస్తున్నారా? వంట నీళ్లు ఎక్కడ పారబోస్తున్నారు? లొరెయిన్‌ని అడుగుదామని రేడియో మైకు పట్టుకుని, ఊరు వింటుందని పెట్టేశా. తొడుగులు ఎవరికో ఇచ్చేశావని మీ అత్త అలిగింది.

సిగ్గు కాదు. అది కాదు.

పామియోక్



శిబిరం,
అక్టోబర్ 14, సాయంత్రం

సముద్రం వైపు కిటికీ. నేను ఎందుకు అని అడిగితే నువ్వు ఏది అని అడుగుతున్నావు. పైలట్ ఇంజను ఆపలేదు, కాబట్టి ఇంతే. శుక్రవారం దాకా చూస్తా.

అత్తకి చెప్పు, ఇంకో జత కుట్టమని. బయట తిరిగే రోజులకి.

తూగాక్



ఊరు,
అక్టోబర్ 16

నాన్నా,

ఈసారి ఊరి సంగతులు లేవు.

దుకాణంలో అందరూ ఆ ఫోనులో ఎలుగుని చూశారు. నేను నీ ఎడం చెయ్యి చూశాను. ఎలుగు ముందుకి నువ్వు అడుగేసినప్పుడు ఆ చెయ్యి వెనక్కి వచ్చింది. నడుం వెనక, అరచెయ్యి విప్పి, వేళ్లు నేల వైపు. నీ వెనకున్నవాళ్లని కదలొద్దని. నువ్వలా చేసినట్టు నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

మా నాన్న ఎలుగు చేతిలో పోయాడని ఊరందరికీ తెలుసు. ఎలా నిలబడి పోయాడో నాకొక్కడికే తెలుసు. ఆయన వెనకున్నది నేనొక్కణ్ణే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇలాంటి రోజులే, సముద్రం ఇంకా గడ్డకట్టలేదు. వలలు తీయడానికి వెళ్లాం. ఆ ఎలుగు ముసలిది. తోలు కింద ఎముకలు కదలడం కనబడింది. దానికి వింతలు చూసే ఓపిక లేదు. నాన్న తుపాకీ చలికి బిగుసుకుపోయింది. ఆయన నా వైపు తిరగలేదు, ఒక్క మాట అనలేదు. ఎడం చెయ్యి వెనక్కి చాచాడు. అదే అరచెయ్యి. కదలకు అని.

నేను కదల్లేదు.

అంతకంటే రాయను. ఆయన ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు రాదు. ఆ చెయ్యి మాత్రం, చూపుడు వేలికి చుట్టుకున్న వల తాడుతో సహా, ఇప్పుడు ఎదుట ఉన్నట్టే ఉంటుంది.

ఆ సైగ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీ అమ్మకీ, మీ అత్తకీ కూడా. మరి నీకెవరు నేర్పినట్టు? ఎవరూ నేర్పలేదు. ఆయన పేరు ఎవరికీ పెట్టనివ్వకుండా మా అమ్మ ఏళ్లకేళ్లు దాచుకుంది. నువ్వు పుట్టినప్పుడు ఒళ్లో వేసుకుని చూసి, "వచ్చాడు" అంది. ఆడపిల్లని పట్టుకుని వచ్చాడు అంటే ఎవరూ నవ్వలేదు, మనింట్లో అది నవ్వే మాట కాదు. నేనూ సరే అని ఆ రోజు నుంచీ నిన్ను నాన్నా అన్నాను. నిజం చెప్తున్నా, ఇన్నాళ్లూ అది మర్యాద. మొన్న దుకాణంలో ఆ చెయ్యి చూసినప్పుడు తెలిసింది. నిజంగానే వచ్చాడు.

అంత కాలం తర్వాత తిరిగొచ్చిన మనిషిని మళ్లీ ఎలుగు ఎదుట నిలబెట్టమంటావా? ఒక్క నాన్నని రెండుసార్లు ఎవరు పోగొట్టుకుంటారు?

నిన్ను మగపిల్లలతో తీసుకెళ్లకపోవడానికి కూడా ఇదే. చలి అన్నది సాకు.

వంటగది విషయంలో నువ్వన్నది నిజం. వాసన సంగతి పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది, నాకు తోచలేదు. భయం మనిషిని అలా చేస్తుంది. అందుకే వంటగది కూడా వద్దు. మంగళవారం విమానం ఎక్కి ఇంటికొచ్చెయ్. లొరెయిన్‌కి నేను చెప్తా, ఈసారి కాగితం మీదే. నన్ను తిట్టు, మాట్లాడకు, టీలో ఉప్పు పొయ్యి. తాగుతా. ఇంటికి మాత్రం రా.

నీ కొడుకు,
పామియోక్



శిబిరం,
అక్టోబర్ 20, సోమవారం

కొడుకా పామియోక్,

ఇంతకాలం నువ్వు నన్ను నాన్నా అన్నా నేను నిన్ను మామా అనే అన్నాను, సిగ్గేసి. ఇవాళ నువ్వు పిలిచే వరసలోనే పిలుస్తున్నా. వరస గుర్తు చేసింది నువ్వే కాబట్టి ఇక వెనక్కి తీసుకోలేవు.

నీ ఉత్తరం వంటగది వెనక మెట్ల మీద కూర్చుని చదివాను. బెర్నీస్ వచ్చి నా ముఖం చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ తొడుగులు తీసి నా ఒళ్లో పడేసి వెళ్లింది. తాత ఎలా నిలబడ్డాడో నాకు ఇప్పుడు తెలిసింది. అది ఇంతకాలం చెప్పనందుకు నీ మీద కోపం లేదు. మిగతాదానికి ఉంది. ఉన్నచోటే ఉంది.

ఆ చెయ్యి ఎవరు నేర్పారు అని అడిగావు. నువ్వే నేర్పావు.

నీ వీపు నువ్వెప్పుడైనా చూసుకున్నావా? నేను ఏళ్ల తరబడి చూసింది అదొక్కటే. నువ్వు కుర్రాళ్లని తీసుకెళ్తుంటే వెనక దూరంగా నడిచానని చెప్పాను కదా. నీ ముఖం కనబడేది కాదు, నీ మాట వినబడేది కాదు. కనబడేది నీ వీపు, నీ ఎడం చెయ్యి. కారిబూ కనబడినా, బాతులు కనబడినా, ఎలుగు కనబడినా, ముందు ఆ చెయ్యి వెనక్కి వచ్చేది. అరచెయ్యి విప్పుకునేది, వేళ్లు నేల వైపు. కుర్రాళ్లు ఆగిపోయేవాళ్లు. ఎక్కడో అంత దూరంలో నేనూ ఆగిపోయేదాన్ని. దుకాణం తలుపు దగ్గర పిల్లలు తోసుకుంటున్నా నీది అదే చెయ్యి. అత్తని అడుగు, నమ్మకపోతే. బడి పిల్లలు నీ నడక వెక్కిరించేటప్పుడు మొదట చేసేది ఏమిటనుకున్నావు? ఎవరికీ చెప్పలేదన్నావు. ఊరందరికీ చూపించావు. తెలియనిది నీకొక్కడికే.

అది పేరుతో వచ్చిందా, చూస్తే వచ్చిందా అని నేను వాదించను. ఆయన నీకిచ్చాడు, నువ్వు నాకిచ్చావు. ఏ దారిన వస్తేనేం, వచ్చింది.

నువ్వు దాన్ని చావుకి గుర్తుగా చేసుకున్నావు. ఆయన ఆ చెయ్యి ఎందుకు చాచాడు? వెనకున్నవాడు బతకాలని. వెనకున్నవాడు బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, ముసలాడయ్యాడు, మోకాళ్లు నొప్పంటున్నాడు, పక్కింటివాడి ఇంజను చూసి నవ్వుతున్నాడు. చెయ్యి చాచిన పని పూర్తయింది. దాన్ని చూసి భయపడాల్సింది ఏముంది? మొన్న నా వెనక అంతమంది ఉన్నారు. బోర్లా పడుకున్నాయన కూడా క్షేమంగా ఇంటికెళ్లి నా మీద ఫిర్యాదు రాసుకుంటున్నాడు. నా తుపాకీ చలికి బిగుసుకోదు. రోజూ విప్పి తుడుస్తాను, నూనె చుక్క మిగలనివ్వను. నూనె ఉంటేనే గడ్డకట్టేది. ఎవరూ నేర్పలేదు, అదీ నిన్ను చూసే. ఎందుకంత పట్టుదలగా తుడుస్తావో మాత్రం ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట. నువ్వు వీడియో మధ్యలో లేచిపోయావు. చివరిదాకా చూసినవాళ్లని అడుగు, ఎలుగు నీళ్లలోకి దిగాక ఆ చెయ్యి ఏం చేసిందో. పైకి లేచింది. పదండి అని ముందుకి ఊపింది. అందరూ కదిలారు. ఒకావిడ ఏడుస్తూ నవ్వింది. ఆ ముక్క నువ్వు చూళ్లేదు. తాత చెయ్యి ఊపడం కూడా నువ్వు చూళ్లేదు. ఊపడానికి ఆయనకి వీలు కాలేదు. అందుకని నువ్వు ఇన్నేళ్లూ అక్కడే నిలబడిపోయావు, వలల పక్కన, తొమ్మిదేళ్లవాడివి, కదలకు అన్నాడని.

నీ నాన్నని నేను, చెప్తున్నా. ఇక కదులు.

నేను ఇంటికి రాను. మంగళవారం విమానంలో ఈ ఉత్తరమే వస్తుంది, నేను కాదు. తండ్రిని ఇంట్లో కూర్చోమని చెప్పే హక్కు మనవాళ్లలో ఏ కొడుక్కీ లేదు. అది నాకంటే నీకే బాగా తెలుసు.

నువ్వు చేయాల్సింది ఇది. రేడియోలో పంపావు, రేడియోలోనే రప్పించు. బుధవారం సాయంత్రం, అందరూ టీ తాగుతూ వినే వేళకి లొరెయిన్‌ని పిలిచి, ఊరంతా వినేలా, తూగాక్ ముందు నడుస్తుంది అని చెప్పు. గొణగొద్దు. వంటగదిలో రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చుంటాం, నేనూ బెర్నీసూ.

ఆ తర్వాత, చివర నడవడానికి ఒక మనిషి కావాలి. క్రెయిగ్‌కి బండి తోలడమే ఇష్టమట, అతనే చెప్పాడు. లొరెయిన్‌ని అడిగాను. "పామియోక్ వస్తానంటే వద్దనేవాళ్లెవరు? మోకాళ్లు ఒప్పుకుంటాయా?" అంది. నెమ్మదిగానే నడుస్తాం అన్నాను. కెమెరాలవాళ్లు ఎలాగూ అడుగడుక్కీ ఆగుతారు. ముందు నేను, చివర నువ్వు. నా చెయ్యి వెనక్కి వచ్చినప్పుడల్లా నీకు కనబడుతుంది. అది మళ్లీ లేచి ముందుకి ఊపేదాకా చూడాలి, మధ్యలో వెళ్లిపోకూడదు. ఇంకెన్నో రోజులు లేవు. సముద్రం అంచున అప్పుడే తెల్లగా పేరుకుంటోంది. అది గట్టిపడితే ఎలుగులన్నీ మంచు మీదికి వెళ్లిపోతాయి, చూడ్డానికి ఎవరూ ఉండరు.

అత్త కుట్టే కొత్త జత నువ్వు తొడుక్కో. పాత జత నా దగ్గరే ఉంది.

జవాబు శుక్రవారం విమానంలో రావాలి. కాగితం పంపితే చదవను. బూట్లేసుకుని నువ్వు దిగు.

తూగాక్